ఎర్ర లైటు పాటకు పడ్డ తొంభై మూడు ఓట్లు

నాకు సంగీతం తెలియదు. తెలియదు అనడం కూడా మర్యాద కోసమే. ఎవరైనా పాడుతుంటే ముందు వాళ్ళకేదో ఇబ్బంది వచ్చిందనుకుంటాను, అది పాట అని తర్వాత తెలుస్తుంది. అలాంటివాణ్ణి, 1981 మార్చి నుంచి 1983 జూన్ దాకా ప్రతి శనివారం న్యూజెర్సీలోని పిస్కాటవే నుంచి న్యూ బ్రన్స్‌విక్‌కు బస్సులో వెళ్ళి, ఒక రికార్డుల షాపు కౌంటరు మీద దొంతరగా పెట్టే గులాబీ రంగు కాగితం ఒకటి తెచ్చుకునేవాణ్ణి. ఊళ్ళో ఒక చిన్న ఏఎం రేడియో స్టేషను ఆ వారం టాప్ థర్టీ పాటల్ని అచ్చేసి ఉచితంగా పంచేది. ఆ స్టేషను ఇప్పుడు లేదు. అది ఉన్న చోట పళ్ళ డాక్టరు ఉన్నాడు.

పాటలతో నాకు పని లేదు. నాకు నచ్చింది ఆ పట్టిక. ఈ వారం స్థానం, గత వారం స్థానం, ఎన్ని వారాలుగా ఉంది. పైకి పోయిందా కిందికి పోయిందా అని పక్కన బాణం గుర్తు. అప్పుడు నేను పీహెచ్‌డీ విద్యార్థిని. నా పని గత వారం కంటే మెరుగో కాదో మా గైడు మూడేళ్ళలో ఒక్కసారి కూడా చెప్పలేదు. ఈ దేశంలో నాకు సూటిగా సమాధానం చెప్పింది ఆ గులాబీ కాగితం ఒక్కటే. నూట పంతొమ్మిది కాగితాలు పోగయ్యాయి. రెండు వారాలవి లేవు. ఒకసారి మంచు తుఫాను, ఇంకోసారి నాకు ఆటలమ్మ.

తర్వాత నేను ఒక మందుల కంపెనీలో క్వాలిటీ విభాగంలో చేరి, ముప్పై ఒక్క ఏళ్ళు చేసి, రిటైరై, ప్లెయిన్స్‌బరోలో ఉంటున్నాను. ఆ కాగితాల బైండరు మాతోపాటు నాలుగు ఇళ్ళు మారింది. మారినప్పుడల్లా మా ఆవిడ సుమతి ఒకే ప్రశ్న అడిగింది.

"ఏవండీ, ఇందులో ఒక్క పాటైనా మీరు విన్నారా?"

ఒకటి విన్నాను. ఈ కథ దాని గురించే.

ఈ ఏడాది మార్చిలో ఒక ఆదివారం వేద అనే అమ్మాయి మా ఇంటికి వచ్చింది. జార్జియాలోని కమ్మింగ్‌లో పుట్టి పెరిగిన పిల్ల. ఇక్కడ పిస్కాటవేలో చరిత్రలో మాస్టర్స్ చేస్తోంది. నా పాత రూమ్మేట్ బొమ్మకంటి కేశవరావు కమ్మింగ్‌లో వాళ్ళ వీధిలోనే ఉంటాడు. వాడే నా అడ్రసు ఇచ్చి పంపాడు. లైబ్రరీలో ఆ పాత రేడియో స్టేషను గురించి ఎగ్జిబిషన్ పెడుతున్నారట, దానికి నా గులాబీ కాగితాలు కావాలట.

నలభై ఏళ్ళకు పైగా దాచిన వస్తువును ఒకరు వెతుక్కుంటూ వచ్చి అడిగితే ఎలా ఉంటుందో దాచినవాళ్ళకే తెలుస్తుంది. నేను సుమతి వైపు చూశాను. ఆవిడ కాఫీ కలపడానికి లేచి వెళ్ళిపోయింది.

వేద బైండరు తిరగేసి, "ఓ మై గాడ్ అంకుల్, ఇది ఆల్మోస్ట్ కంప్లీట్ సెట్. ఎక్కడా లేదు ఇది," అంది. తర్వాత బ్యాగులోంచి కొన్ని ఫోటోకాపీలు తీసింది. "పళ్ళ డాక్టర్ బేస్‌మెంట్ రెన్నొవేట్ చేస్తుంటే బాక్సులు దొరికాయి. స్టేషన్ వాళ్ళ వోటింగ్ రిజిస్టర్. లిజనర్స్ కాల్ చేసి ఓట్ వేస్తే ఒక అమ్మాయి నేమ్, టౌన్ రాసేది. వన్ పర్సన్, వన్ వోట్. దాన్నిబట్టే ర్యాంకింగ్. ఇది చూడండి, 1982 అక్టోబర్ సిక్స్‌టీన్త్ వీక్."

చూశాను. చూడకముందే నాకు తెలుసు.

ఆ వారం నంబర్ వన్, డోరీన్ కోవాక్స్ అనే స్థానిక గాయని పాడిన 'స్టిల్ రెడ్ ఆన్ ఎయిటీన్'. తొంభై మూడు ఓట్లు. రెండో పాటకు డెబ్బై ఒకటి. ఆ పాటకు ఓటేసిన వాళ్ళ పేర్లు వరుసగా ఉన్నాయి. కొన్నింటి పక్కన వేద పసుపు పెన్నుతో గుర్తు పెట్టింది. గుడిమెట్ల చక్రపాణి, అంటే నేను. చక్రపాణి గుడిమెట్ల. బొమ్మకంటి కేశవరావు. కేశవరావు బొమ్మకంటి. గుడిమెట్ల లక్ష్మీకాంతం. గుడిమెట్ల ధనమ్మ. అలా కింది దాకా.

"సిక్స్‌టీ వన్ తెలుగు నేమ్స్ అంకుల్! 1982లోనే! అప్పుడు పిస్కాటవేలో ఇంతమంది మనవాళ్ళు ఉన్నారని ఏ బుక్‌లోనూ లేదు. నా థీసిస్‌లో ఒక చాప్టర్ ఇదే. కేశవరావు అంకుల్‌ని అడిగాను, అప్పుడు చాలామంది ఉండేవాళ్ళు అన్నారు. ఓపెనింగ్‌కి డోరీన్ కూడా వస్తోంది. ఎయిటీ వన్ ఇయర్స్. లైఫ్‌లో వన్ నంబర్ వన్. షి ఈజ్ సో హ్యాపీ."

అప్పుడు పిస్కాటవేలో నాకు తెలిసిన తెలుగువాళ్ళు ఐదుగురు. ఆ ఐదుగురూ ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం, ఒకే ఫోనుతో.

కాఫీ చల్లారిపోయేదాకా ఆ కాగితాలు చూస్తూ కూర్చున్నాను. "అంకుల్ ఎమోషనల్ అయ్యారు," అని వేద సుమతికి చెప్పింది.

డోరీన్ ఎవరో చెప్పాలి. ఆవిడ మాకు డ్రైవింగ్ నేర్పింది. ఐదుగురికీ ఆవిడే. గోధుమ రంగు కారు, ఆవిడ కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు. మిగతా నలుగురూ మొదటిసారే పాసయ్యారు. నేను మూడుసార్లు తప్పాను. మొదటిసారి గ్రీన్ లైటు దగ్గర ఆగాను, జాగ్రత్త కోసం. రెండోసారి ఉడుత రోడ్డు దాటేదాకా ఆగాను, అది మనసు మార్చుకుని వెనక్కి పోయింది, అయినా ఆగాను. మూడోసారి పరీక్ష పెట్టే ఆయన సీటు బెల్టు పెట్టుకోలేదని ఆయనకు చెప్పాను. నా రూమ్మేట్లు నవ్వారు. డోరీన్ నవ్వలేదు. తన సెలవు రోజుల్లో, వరసగా ఆరు ఆదివారాలు, ఖాళీగా ఉన్న షాపింగ్ సెంటరు పార్కింగులో నాతో మూడేసి గంటలు కూర్చుంది. "అద్దం చూడు, అప్పుడు కదులు. అద్దం చూడకుండా ఏ పనీ చెయ్యకు," అనేది. అంత ఓపికగా నాకు మా నాన్న కూడా ఏదీ నేర్పలేదు.

సెప్టెంబరులో పాసయ్యాను. మీ రుణం ఎలా తీర్చుకోవాలి అని అడిగాను, నాకు వచ్చిన ఇంగ్లీషులో. ఆవిడ డాష్‌బోర్డులోంచి ఒక చిన్న రికార్డు తీసి నాకిచ్చింది. శని, ఆదివారాల సాయంత్రాలు ఒక బార్లో పాడేదట. అక్కడి పెద్ద రోడ్డు రూట్ ఎయిటీన్ మీద ఎర్ర లైటు దగ్గర ఆగిపోయిన మనిషి గురించి పాట కట్టింది. ఆ రోడ్డు మీద డ్రైవింగ్ నేర్పేవాళ్ళకు ఇంకో సంగతి ఎలా తడుతుంది?

"స్టేషనుకు ఫోన్ చేసి దీనికి ఓటెయ్యి, చాలు," అంది.

ఆవిడ ఒక్క ఓటు అడిగింది. మేం అరవై ఒకటి వేశాం. మన మర్యాద అంతే కదా, మంచినీళ్ళు అడిగినవాళ్ళకు విస్తరేసి కూర్చోబెడతాం.

పేర్ల జాబితా నేనే తయారుచేశాను. ముందు మా ఐదుగురి పేర్లు. తర్వాత అవే తిరగేసి. ఇంటిపేరు ముందుంటే ఒక మనిషి, వెనకుంటే ఇంకో మనిషి. అమెరికాకు వచ్చిన దగ్గర్నుంచీ ప్రతి ఆఫీసూ మమ్మల్ని అలా ఇద్దరుగానే చూసింది, ఆ అవకాశాన్ని ఒక్కసారి మేం వాడుకున్నాం. అవి పదయ్యాయి. మిగతా యాభై ఒక్కటీ మా కుటుంబాలు. అమ్మలు, నాన్నలు, బాబాయిలు, మేనత్తలు, వాళ్ళ పిల్లలు. రేపల్లెలో, కరీంనగర్‌లో, నూజివీడులో ఎవరి పనుల్లో వాళ్ళున్న మనుషులు ఆ వారం న్యూజెర్సీ పాప్ పాటకు ఓటేశారు.

దొంగ ఓటుకైనా ఒక పద్ధతి ఉండాలని నేను పట్టుబట్టాను. లేని మనిషిని పుట్టించకూడదు. చనిపోయినవాళ్ళు కూడదు. కేశవరావు వాళ్ళ తాతయ్య ఆగస్టులో పోయాడు, జాబితాలోంచి తీసేశాను. చనిపోయినవాళ్ళు ఓటెయ్యడం మా ఊళ్ళో చూశాను, ఇంత దూరం వచ్చి కూడా అదే చెయ్యడం నాకు నచ్చలేదు. కేశవరావు గొంతులు మార్చడంలో దిట్ట, ఫోన్లు చాలావరకు వాడే చేశాడు. రోజుకు పన్నెండు, ఐదు రోజులు. ఆఖరి రోజున ఒకటి మిగిలింది. అది మా అమ్మ ధనమ్మ ఓటు, నేనే వేశాను. మా అమ్మ గొంతు ఇంకొకడు పెట్టడం బాగుండదనిపించింది.

శనివారం గులాబీ కాగితంలో డోరీన్ మొదటి స్థానం. మరుసటి వారం పంతొమ్మిది. ఆ పై వారం లేదు. మా చుట్టాలు అయిపోయారు.

వేద వెళ్ళగానే కేశవరావుకు ఫోన్ చేశాను.

"ఒరేయ్, ఆ పిల్లకి ఏం చెప్పావురా?"

"ఏం చెప్పిన? అంకుల్, మీ పేరు రెండుసార్లు ఎందుకుంది అనడిగింది. నాకేం సమజ్ గాలే. అప్పట్ల మనోళ్ళు మస్తుమంది ఉండె బిడ్డా అన్న."

"మస్తుమందా? ఐదుగురం! ఆ పిల్ల దాని మీద థీసిస్ రాస్తోంది!"

"రాసుకోనియ్. ఎవనికి నష్టం? నువ్వు గమ్మునుండు పాణీ. ఆ డోరీనమ్మకు ఎనభై దాటినయ్. కుర్చీల కూసోబెట్టి చప్పట్లు కొడ్తరు. బతుకుల ఒక్క నంబర్ వన్ వచ్చె ఆమెకు. గది నువ్వెందుకు గుంజుకుంటవ్ రా?"

నేను ఫోన్ పెట్టేశాను. వాడు అన్నది తప్పని అనిపించి ఉంటే ఇంకో పావుగంట తిట్టేవాణ్ణి.

సమస్య అదే. నిజం చెబితే డోరీన్ నంబర్ వన్ పోతుంది. చెప్పకపోతే ఒక చదువుకునే పిల్ల లేని యాభై ఆరుగురిని చరిత్రలోకి ఎక్కిస్తుంది, నా మాట మీద. ముప్పై ఒక్క ఏళ్ళు నేను చేసిన ఉద్యోగం ఏమిటంటే, మందు తయారైన ప్రతిసారీ ఎవరు ఏం కలిపారో, ఎప్పుడు కలిపారో రాసిన కాగితాలు చదివి, అందులో అబద్ధం ఉంటే ఆ మందు బయటికి పోకుండా ఆపడం. ఒకసారి థర్మామీటరు చూడకుండానే అంకె రాసినవాణ్ణి పట్టుకున్నాను. వాడు ఏడిచాడు. నేను సంతకం పెట్టలేదు. ఆ రోజు ఇంటికొచ్చి గర్వంగా భోజనం చేశాను.

సుమతికి మొత్తం చెప్పాను. పెళ్ళయి నలభై ఒక్క ఏళ్ళు, ఈ సంగతి మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. ఆవిడ బెండకాయలు తరుగుతూ విన్నది.

"అత్తయ్యగారి చేత కూడా వేయించారా?"

"వేయించాను."

"ఆవిడ 91లో వచ్చి ఆరు నెలలు మనింట్లోనే ఉన్నారు కదా. అప్పుడైనా చెప్పారా?"

చెప్పలేదు. గుడికి తీసుకెళ్ళేటప్పుడు రూట్ ఎయిటీన్ మీద ఎర్ర లైటు దగ్గర ఆగేవాళ్ళం. ఇంతసేపు ఎందుకు ఆపుతార్రా అని అమ్మ అడిగేది. దీని మీద ఒక పాట ఉంది, దానికి నువ్వు ఓటేశావు అని చెబుదామని నోటిదాకా వచ్చేది. గ్రీన్ వచ్చేసేది.

సుమతి కత్తి పక్కన పెట్టింది. "చెప్పేవాళ్ళయితే ఎగ్జిబిషన్‌కు ముందే చెప్పండి. తర్వాత చెబితే మీకొక్కరికే తేలిక, అందరికీ బరువు," అంది.

బుధవారం వేదను రమ్మన్నాను. డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చోబెట్టి మొదటి నుంచి చెప్పాను. ఆ పిల్ల మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. చివర్న అడిగింది:

"సో, సిక్స్‌టీ వన్ కాదు."

"ఐదు."

"ఫైవ్."

"ఐదు."

వేద తల టేబుల్ మీద పెట్టేసింది. సుమతి జంతికల డబ్బా తెచ్చి ఆ తల పక్కన పెట్టింది. కాసేపటికి ఒక చెయ్యి లేచి డబ్బాలోకి వెళ్ళింది.

"ఇప్పుడేం చేస్తాం అంకుల్? ఆ పేజీలు తీసేయాలా?"

"తీసెయ్యకూడదు," అన్నాను. ఈ విషయంలో మాత్రం నాకు సందేహం లేదు. "రికార్డులో తప్పుంటే చెరపకూడదు, తెల్ల రంగు పుయ్యకూడదు, చింపకూడదు. ఒక్క గీత. కింద ఉన్నది చదవగలిగేలా. పక్కన సంతకం, తేదీ, కారణం."

నల్ల పెన్ను తెచ్చుకుని ఫోటోకాపీ మీద కూర్చున్నాను. యాభై ఆరు గీతలు. ఒక్కో దానికీ కారణం రాశాను. చక్రపాణి గుడిమెట్ల: ఇంతకుముందే ఓటేశాడు. గుడిమెట్ల లక్ష్మీకాంతం: ఓటరు రేపల్లెలో ఉన్నారు. కేశవరావు మేనకోడలు: ఓటరు అప్పటికి రెండో తరగతి. మా పెదనాన్న: ఓటరుకు చెవుడు. వేద ఒక్కొక్కటీ నాతో ఇంగ్లీషులో చెప్పించుకుని పక్కన రాసుకుంది. ఇరవయ్యో గీత దగ్గర ఆ పిల్లకు నవ్వు మొదలైంది, ముప్పయ్యో దాని దగ్గర ఆగలేదు. నేను నవ్వలేదు. కారణం రాసేటప్పుడు నవ్వకూడదు.

ధనమ్మ పేరు దగ్గర మాత్రం చాలాసేపు పెన్ను కదలలేదు. మిగతావి వేరేవాళ్ళ గొంతులు, ఇది నాది. అమ్మ పోయి పదిహేడేళ్ళయింది. వీసా కాగితాలు కాక ఆవిడ పేరు అమెరికాలో ఒక చోటే రాసి ఉంది, అది కూడా అబద్ధంగా. గీత గీశాను. కారణం: ఓటరు పాట వినలేదు.

"అంకుల్, చాప్టర్ మారుస్తాను," అంది వేద కళ్ళు తుడుచుకుంటూ. "ఈ పేజీలే వాల్ మీద పెడతాను. ఫైవ్ పీపుల్, వన్ ఫోన్." తర్వాత లాప్‌టాప్ తీసి ఆ వారం ఓట్లన్నీ మళ్ళీ కూడింది. తొంభై మూడులోంచి యాభై ఆరు పోతే ముప్పై ఏడు. కొత్త వరసలో ఎనిమిదో పాటకు నలభై. పదో పాటకు ముప్పై నాలుగు. డోరీన్ తొమ్మిదో స్థానం.

"డోరీన్‌కి ఎవరు చెప్తారు?"

"నేనే చెబుతాను. శనివారం ఓపెనింగ్‌కి నేనే తీసుకొస్తాను ఆవిణ్ణి."

డోరీన్ ఈస్ట్ బ్రన్స్‌విక్‌లో పెద్దవాళ్ళుండే అపార్ట్‌మెంట్లో ఉంటుంది. నేను వెళ్ళేసరికి నీలం కోటు వేసుకుని గుమ్మంలో సిద్ధంగా ఉంది. జుట్టు తెల్లబడింది, మనిషి సగమైంది. నన్ను చూడగానే, నా పేరును ఎప్పటిలాగే కత్తిరించి, "చక్! ఉడుత దాటిందా?" అంది. అప్పుడు నేను చెప్పలేకపోయాను.

కారులో పక్క సీట్లో కూర్చుంది. ముందు ఎవరైనా బ్రేకు వేస్తే ఆవిడ కుడికాలు నేలను తొక్కేది. అక్కడ బ్రేకు లేదు. నలభై మూడేళ్ళయినా కాలికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

రూట్ ఎయిటీన్ మీద ఎర్ర లైటు పడింది. కారు ఆపాను. ఇక్కడ కాకపోతే ఇంకెక్కడా చెప్పలేననిపించింది. అద్దం చూసుకున్నాను.

"డోరీన్, ఆ వారం మీ పాటకు పడ్డ ఓట్లలో యాభై ఆరు దొంగవి. వేసింది మేం ఐదుగురం. జాబితా రాసింది నేను. మీకు మంచి చేస్తున్నామనుకున్నాం. లైబ్రరీలో ఇప్పుడు మీది నంబర్ వన్ కాదు, తొమ్మిది. నన్ను క్షమించండి."

ఆవిడ నా వైపు తిరిగింది.

"యాభై ఆరా?"

"అవును."

"తొంభై మూడూ కాదా?"

నాకు అర్థం కాలేదు. వెనక కారువాడు హారన్ కొట్టాడు.

"గ్రీన్ వచ్చింది చక్, కదులు," అంది. కొంచెం దూరం పోయాక తనే మొదలుపెట్టింది. "ఆ తర్వాతి సోమవారం మీరు ఐదుగురూ పసుపు రంగు స్వీట్లు పట్టుకొని వచ్చారు. నేను నంబర్ వన్ అయ్యానని నాకంటే ముందు మీరే చెప్పారు. ఒక్కడి ముఖంలోనూ ఆశ్చర్యం లేదు. అప్పుడే తెలిసింది నాకు, మొత్తం వీళ్ళ పనే అని. తొంభై మూడూ మీవే అనుకున్నాను."

"మీకు తెలుసా?"

"డ్రైవింగ్ నేర్పేవాళ్ళకు ముఖాలు చూడటమే పని. రికార్డు చేసినాయన ఫోన్ చేసి రెండోది చేద్దామన్నాడు. వద్దన్నాను. ఐదుగురు స్టూడెంట్లు తప్ప వినేవాళ్ళు లేని పాట ఇంకొకటి ఎందుకు? బార్లో కూడా మానేశాను."

నా చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి. అన్నేళ్ళుగా నేను ఆవిడకు ఒక బహుమతి ఇచ్చాననుకున్నాను, ఎవరికీ చెప్పకపోయినా లోపల గర్వపడ్డాను. ఆవిడ పాట ఆపేసింది నా జాబితా వల్ల. ఏడుపొచ్చింది. డ్రైవింగ్‌లో ఏడవకూడదని ఆవిడే నేర్పింది, అందుకని ఆపుకున్నాను.

"అయితే మిగతావి ఎన్ని?" అంది.

"మీ స్టూడెంట్లం ఐదుగురం కాక, ముప్పై రెండు."

"వాళ్ళెవరు?"

"మాకు తెలియదు. ఎడిసన్, హైలాండ్ పార్క్, సౌత్ రివర్. ఒకాయన పెర్త్ అంబాయ్ నుంచి చేశాడు."

"పెర్త్ అంబాయ్‌లో నాకెవరూ తెలియదు," అంది డోరీన్. మళ్ళీ కిటికీ వైపు తిరిగి, "పెర్త్ అంబాయ్‌లో నాకు ఒక్కరు కూడా తెలియదు," అంది. వంతెన దాటేదాకా ఆవిడ ముఖం నాకు చూపించలేదు. కుడికాలు మాత్రం ఆ మిగతా దారిలో ఒక్కసారి కూడా బ్రేకు తొక్కలేదు.

లైబ్రరీలో నలభైమంది దాకా ఉన్నారు. సుమతి ముందే వచ్చి మొదటి వరసలో కూర్చుంది. వేద కంగారుగా ఎదురొచ్చి, "డోరీన్, ఐ యామ్ సో సారీ," అంటుండగా ఆవిడ ఆ పిల్లను దాటుకుని నేరుగా గోడ దగ్గరికి వెళ్ళింది. గులాబీ కాగితాలు వరుసగా, మధ్యలో నేను గీతలు గీసిన పేజీలు, పక్కన 'నంబర్ నైన్' అన్న కొత్త బోర్డు. కళ్ళజోడు మార్చుకుని, మా ఐదుగురివీ వదిలేసి గీత లేని పేర్ల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చదివింది. ముప్పై రెండు పేర్లు చదవడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ ఆ గదిలో అందరూ నిలబడే ఉన్నారు. పెర్త్ అంబాయ్ ఆయన పేరు రెండుసార్లు చదివింది.

తర్వాత గీతలున్న వాటి దగ్గరికి వచ్చింది. ఒక చోట ఆగి, "ఇదేం రాశావు?" అని అడిగింది.

"ఓటరు పాట వినలేదు అని."

"ఎవరు ఈవిడ?"

"మా అమ్మ."

డోరీన్ ఆ పేరును కూడబలుక్కుని చదివింది, తప్పుగా. వేద ఆ పాత రికార్డును వినడానికి హెడ్‌ఫోన్లు పెట్టింది. డోరీన్ వాటిని తీసి సుమతికి ఇచ్చింది. "మీ అత్తగారి తరఫున వినండి," అంది. సుమతి మూడు నిమిషాలూ కదలకుండా విని, హెడ్‌ఫోన్లు తీసి, "అత్తయ్యగారికి నచ్చేదండీ," అంది నాతో. నేను డోరీన్‌కు అది ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ తల ఊపి నా వైపు చూసింది.

"మరి నీకు? నువ్వు నా రికార్డు విన్నావు కదా. నచ్చే ఓటేశావా? నిజం చెప్పు చక్."

ఆ గదిలో అద్దం లేదు. అయినా చూసుకున్నాను.

"నచ్చలేదు," అన్నాను. "నాకు ఏ పాటా నచ్చదు."

డోరీన్ చెయ్యి చాపింది. నా జేబులోంచి నల్ల పెన్ను తీసి ఇచ్చాను. ఆవిడ గోడ మీద గుడిమెట్ల చక్రపాణి అన్న పేరు వెతికి, దాని మీద ఒక్క గీత గీసింది, కింద ఉన్నది చదవగలిగేలా. పక్కన డి.కె. అని పెట్టి, తేదీ వేసి, కారణం రాసింది: ఓటరుకు పాట నచ్చలేదు.

ముప్పై ఆరు. పదో పాటకు ముప్పై నాలుగే. నేను మళ్ళీ కూడి చూశాను, తొమ్మిదో స్థానమే.